సున్నపు గీత

పడవల మీద పేర్లు రాసేవాణ్ణి నేను.
పెదజాలారిపేటలో ఏ మరపడవ మూతి చూసినా
నా చేతి రాతే.
'ళ' తోక కాస్త ఎక్కువ సాగదీస్తాను,
కెరటం తగిలితే ఆ వంపులోంచి జారిపోతుందని.

హైమవతి గారు గుడ్డసంచీ నిండా
మడతల కాగితాలతో వచ్చారు.
సముద్రాన్ని చదివే ఉద్యోగం.
పదహారేళ్ల ఒడ్డు ఆ కాగితాల్లో ఉందట.
వేలంపాక కింద, ఐసు పెట్టె మూత మీద పరిచారు:
ఎర్ర గీత, నీలం గీత, మధ్యలో చుక్కలు.
వల అతుకుతున్న దానయ్య ఒక్కసారి తలెత్తి
"ఎవులికమ్మా గుండె జబ్బు?" అన్నాడు.
అందరూ నవ్వారు.
ఆవిడా నవ్వారు గానీ
కాగితాలు మడిచేటప్పుడు అంచులు కుదరలేదు.

టీ బడ్డీ దగ్గర నన్నడిగారు
ఆ గీత మావాళ్లకి కనబడాలంటే ఏం చెయ్యాలని.
"కాగితం మీంచి కిందకి దించాలండి" అన్నాను.
అంతకు మించి నాకూ తెలీదు.

అమావాస్య ముందు రోజు, పాటు వేళ
రెండు బస్తాల సున్నం, ఒక టేపు,
ఉపగ్రహంతో మాట్లాడే పొడుగాటి కర్ర.
ఆవిడ చూపిన చోటల్లా
బొమ్మ గీసే చేత్తో సున్నం వదుల్తూ పోయాను.
ఇది ఈ ఏటి ఒడ్డు.
ఇది పెనుతుపాను ఏటి ఒడ్డు.
ఇది...
ఆగిపోయాం.
పదహారేళ్ల కిందటి ఒడ్డు నీళ్లలో ఉంది.
మొలలోతు నీళ్లలో.
సున్నం ఎక్కడ పొయ్యను?

అప్పుడొచ్చింది గురమ్మ,
ఎండు నెత్తళ్ల వాసనతో, చెంగు బిగించుకుని,
నా గీతలన్నీ తొక్కుకుంటూ.
కర్ర పట్టుకున్నావిడని భుజం మీద చెయ్యేసి జరిపింది.
"ఇక్కడ కాదమ్మా. ఇంకో ఏడడుగులు లోనకి.
నా పొయ్యి ఉండీది.
అటు డాల్ఫిన్ కొండ ముక్కు, ఇటు కైలాసగిరి మలుపు
రెండూ ఊదుగొట్టం దించకండానే అవుపించీవి."

హైమవతి గారు చాలాసేపు లెక్క చూసుకున్నారు.
"ఆ ఫొటో పోటు వేళ తీసిందేమో" అన్నారు మెల్లగా,
తప్పు ఆకాశానిదే అన్నట్టు.
పెన్సిలుతో ఏడడుగులు జరిపారు.

ఇక ఆగలేదు పేట.
బడి మెట్టు ఇదని ఒకడు,
పడవ లాగే గుంజ ఇదని ఒకడు,
సన్యాసమ్మైతే ఏమీ చెప్పకుండా
ఒక చోట నీళ్లలో ఊరికే నిలబడింది.
అక్కడేముండేదో ఎవరూ అడగలేదు.
ఆవిడ కాగితం మీద ఒక చుక్క మాత్రం పెట్టారు.

తెల్లారేసరికి పోటు ఎక్కి
నా సున్నమంతా నాకేసింది.
నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం
గడియారం చూసి రాసుకుంటున్నారు:
మొదటి గీత, నాలుగూ పది.
రెండోది, అయిదుకి రెండు నిమిషాలు తక్కువ.
చెరిగిపోవడానికి కూడా ఒక పట్టిక ఉంటుందని
నలభై ఏళ్లు బ్రష్ పట్టిన నాకు అప్పుడు తెలిసింది.

కొత్త పటం మీద పేర్లు నన్నే రాయమన్నారు.
సర్కారు కాగితం మీద, పడవ అక్షరాల్లో
గురమ్మ పొయ్యి. బడి మెట్టు. గుంజ.
ఒక చుక్క దగ్గర ఖాళీ వదిలేశాను.
కలెక్టరాఫీసులో మీటింగు అయింది.
రాళ్ల గోడ కడతామన్నారు.
"పడవెక్కడ ఎక్కించాలి బాబూ, మీ నెత్తి మీదా?"
అన్నాడు దానయ్య.
ఇసుక పోస్తామన్నారు. ఎన్నాళ్లకోసారో చెప్పలేదు.
మళ్లీ మీటింగు ఉందట.

నిన్న సాయంత్రం
మిగిలిన సున్నం డొక్కు పట్టుకుని గురమ్మ
మొల దాకా దిగింది.
కొండ ముక్కు చూసుకుంది, మలుపు చూసుకుంది,
ఒక గుప్పెడు వదిలింది.
నీళ్లలో తెల్లటి పొగ లేచింది,
అన్నం ఉడికేటప్పటి పొగ అంత.
పక్కనే హైమవతి గారు, చేతిలో గడియారం.
ఎంతసేపుందో రాయడం మర్చిపోయారు.